మా హాల్లో ఎనిమిది మందికి సినిమా వేశాను: నా అనుభవం

పోయిన నెల 14న, శనివారం సాయంత్రం, స్నేహితుల్ని పిలిచి ఇంట్లో సినిమా వేశాం. మేమిద్దరం, వచ్చినవాళ్లు ఆరుగురు. 6:30కి అనుకున్న సినిమా 7:50కి మొదలైంది. ఆ గంటా ఇరవై నిమిషాల్లో నా తల ప్రాణం తోకకి వచ్చింది, అందుకే గుర్తున్నప్పుడే రాసిపెడుతున్నాను, ముఖ్యంగా ప్రాజెక్టర్ అద్దెకు తెచ్చుకుని చేద్దామనుకునేవాళ్ల కోసం.

ఐడియా వచ్చింది 1వ తేదీ ఆదివారం. ఫోన్లో మాట్లాడుకుంటూ ఒకడు "అందరం కలిసి సినిమా చూసి ఎన్నాళ్లయిందిరా" అన్నాడు, నేను నోరు జారి "మా ఇంట్లో వేద్దాం, నేను చూసుకుంటా" అన్నాను. ఫోన్ పెట్టేశాక మా ఆవిడ ఒకటే అడిగింది: "మన టీవీలోనా?" మా టీవీ 32 అంగుళాలది. దాని ముందు ఎనిమిది మంది కూర్చుంటే సినిమా చూస్తున్నట్టు ఉండదు, స్కోరు చూడ్డానికి షాపు ముందు గుమిగూడినట్టు ఉంటుంది.

ముందు సినిమా ఎంచుకోవడం. ఇది ఒక్క సాయంత్రంలో తేలిపోతుందనుకున్నాను, ఐదు రోజులు పట్టింది. 3వ తేదీన గ్రూపులో "ఏ సినిమా?" అని అడిగానో లేదో, రెండు రోజుల్లో 19 పేర్లు వచ్చాయి. ఒకరికి హారర్ పడదు, ఒకరు ఏడిపించే సినిమా వద్దంటారు, ఒకరు ఇప్పటికే చూసినవన్నీ కొట్టేస్తున్నారు, ఇద్దరు మాత్రం అసలు విషయం వదిలేసి పదేళ్ల కిందట చూసిన ఏదో సినిమా బాగుందా లేదా అని కొట్టుకుంటున్నారు. ఓటింగ్ పెడితే ఆరు సినిమాలకి తలా ఒక ఓటు పడింది. చివరికి 7న విసుగొచ్చి రెండు రూల్స్ పెట్టాను. రెండుంపావు గంటలు దాటిన సినిమా లెక్కలోకి రాదు. ప్రతి ఒక్కరూ తమకి అస్సలు వద్దనుకున్నది ఒక్కటి కొట్టేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. నిడివి రూలుకే 19లో తొమ్మిది ఎగిరిపోయాయి. కొట్టేయగా మిగిలిన మూడింటికి ఓటు పెడితే మర్నాటికల్లా ఒక హత్య మిస్టరీ గెలిచింది, 2 గంటల 5 నిమిషాలది. ఏది ఇష్టం అని అడిగితే ఎప్పటికీ తెగదు, ఏది వద్దు అని అడిగితే గంటలో తెగుతుంది. ఇది ముందే తెలిసుంటే ఆ ఐదు రోజులూ నా ఫోన్ ప్రశాంతంగా ఉండేది.

9న ప్రాజెక్టర్ అద్దెకు మాట్లాడాను. ఇచ్చేవాళ్లు చెప్పే మాటలన్నీ నమ్మొద్దు. "ఫుల్ హెచ్‌డీ సపోర్ట్ సార్" అంటారు. సపోర్ట్ అంటే ఫుల్ హెచ్‌డీ వీడియో ఇస్తే మింగుతుందని, చూపిస్తుందని కాదు. ఫుల్ హెచ్‌డీ అంటే బొమ్మలో 1920×1080 చుక్కలు, మాకు వచ్చిన దాని అసలు రిజల్యూషన్ 1280×720, అది అడుగున అంటించిన కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంది. వెలుగు సంగతీ అంతే, వేలల్లో ల్యూమెన్లు (వెలుగు కొలత) చెబుతారు కానీ అడగాల్సింది ఆన్సీ ల్యూమెన్లు, అంటే ప్రమాణం ప్రకారం కొలిచిన వెలుగు, ఎన్ని అని. ఆ మాట అడగ్గానే అవతలి గొంతు కాస్త తగ్గుతుంది. నేను అడగలేదు, తరవాత తెలుసుకున్నాను. అద్దె వారాంతానికి ఎక్కువ, అందుకే గురువారమే తెచ్చుకుంటే రేటు తగ్గుతుందేమో అని అడిగితే నాలుగు రోజులకి కలిపి శని, ఆదివారాల అద్దెకే ఇచ్చారు. డిపాజిట్ మాత్రం అద్దెకి ఐదింతలు. అది వెనక్కి రావడానికి ఎంత టైము పట్టిందో చివర్లో చెప్తాను.

12వ తేదీ గురువారం రాత్రి 11 గంటలకి రిహార్సల్. ఇక్కడే నేను చేసిన రెండు తప్పులూ ఉన్నాయి, అయితే ఆ రాత్రికి నాకు నేను చాలా తెలివైనవాడిలా కనిపించాను.

ఎందుకంటే రిహార్సల్ వల్ల నిజంగానే ఒక గండం తప్పింది. తెరగా ఉతికిన తెల్ల దుప్పటి కట్టాను. ఇస్త్రీ కూడా చేశాను. లైట్లు ఆపి, ఫోన్లోంచి మేం ట్రిప్పులో తీసుకున్న వీడియో వేస్తే 100 అంగుళాల బొమ్మ, అదిరిపోయింది. రెండు నిమిషాలకి చూస్తే మా ఆవిడ మొహం నీళ్లలో కనిపిస్తున్నట్టు అలలు అలలుగా కదులుతోంది. సీలింగ్ ఫ్యాను! ఫ్యాను ఆపితే బొమ్మ నిలబడుతుంది, మనం ఉడికిపోతాం. దుప్పటి కింది అంచుకి బట్టల క్లిప్పులు పెట్టాం, కర్ర కట్టాం, అయినా మధ్యలో పొట్టలా ఉబ్బుతూనే ఉంది. పైగా పల్చటి బట్ట కదా, వెలుగులో కొంత దాని గుండా వెనక్కి పోతోంది. చివరికి దుప్పటి పీకేసి గోడ మీదే వేశాం. లేత రంగు, మెరుపు లేని గోడ, దుప్పటి కన్నా చాలా నయం. మధ్యలో ఒక మేకు ఉంది, అది సరిగ్గా మా ఆవిడ ముక్కు మీద పడింది. మేకు పీకి, చిల్లుకి కాస్త పుట్టీ పూశాను. పుట్టీ ఆరడానికి ఒక రోజంతా ఉంది కాబట్టి సరిపోయింది. ఇదే శనివారం సాయంత్రం అయ్యుంటే హీరో ముక్కుకి మేకుతోనే చూసేవాళ్లం.

కొలతలు కూడా ఆ రాత్రే తేలాయి. మాకిచ్చిన ప్రాజెక్టర్ త్రో రేషియో 1.5, అంటే బొమ్మ ఎంత వెడల్పు కావాలో దానికి ఒకటిన్నర రెట్లు దూరంలో పెట్టాలి. 100 అంగుళాల బొమ్మ అంటే మూలకి మూల. వెడల్పు 2.2 మీటర్లు, కాబట్టి ప్రాజెక్టర్ 3.3 మీటర్ల వెనక ఉండాలి. అంత దూరంలో మాకు పుస్తకాల బీరువా ఉంది, దాని మీద పెట్టేశాం. ఎత్తు నుంచి కిందికి వంచితే బొమ్మ కింద వెడల్పు, పైన ఇరుకు అయ్యింది. కీస్టోన్ అనే సెట్టింగుతో చదరం చేశాం. దానివల్ల బొమ్మ కొద్దిగా మసకబారుతుంది కానీ ఎవరి తలా అడ్డం రాదు.

ఇప్పుడు తప్పులు. సినిమాని ఒక యాప్‌లో అద్దెకు తీసుకున్నాను. షరతు ఏంటంటే 30 రోజుల్లో ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు, ఒకసారి ప్లే నొక్కాక మాత్రం 48 గంటల్లో చూసేయాలి. "ఇప్పుడే నొక్కితే శనివారానికి టైము అయిపోతుందేమో" అని సినిమా ముట్టుకోకుండా ట్రిప్పు వీడియోతో సరిపెట్టేశాను. గురువారం రాత్రి 11కి నొక్కితే శనివారం రాత్రి 11 దాకా ఉండేది. వేళ్ల మీద లెక్కపెట్టినా తెలిసే లెక్క. ఇక రెండో తప్పు, రాత్రి 11 గంటల చీకట్లో బొమ్మ చూసి సాయంత్రం 6:30కి అందరినీ పిలవడం.

శనివారం. పొద్దున్నే పక్కింటి పెద్దాయనకి చెప్పాను, రాత్రి కాస్త సౌండ్ ఉంటుందండీ, 10:30కల్లా ఆపేస్తాం అని. "కానివ్వండి బాబూ" అన్నారు. మధ్యాహ్నం సోఫా వెనక్కి జరిపి, ముందు రెండు పరుపులు వేసి, వెనక నాలుగు కుర్చీలు పెట్టాం. ఎవరు ఎక్కడ కూర్చుంటారని మేం అనుకున్నామో ఒక్కటీ అలా జరగలేదు, పరుపుల మీదే ఐదుగురు పడ్డారు, వెనక కుర్చీలు నాలుగూ చివరిదాకా ఖాళీ.

6:10కి మొదటివాడు వచ్చాడు. 6:20కి ప్రాజెక్టర్ ఆన్ చేశాను. గోడ మీద ఏమీ లేదు. దగ్గరికెళ్లి చూస్తే ఉంది, తడిసిన కాగితం మీద పెన్సిలు గీతల్లా. మా హాలు కిటికీ పడమటి వైపుది, ఎండ నేరుగా గోడ మీదికి కొడుతోంది. నాకప్పుడు బుర్రకి ఎక్కిన విషయం: ప్రాజెక్టర్ నలుపుని వేయలేదు, వెలుగుని మాత్రమే వేస్తుంది. నల్లగా కనిపించాల్సిన చోట గోడ ఎలా ఉందో అలాగే కనిపిస్తుంది. గది వెలుగ్గా ఉంటే మన నలుపు గోడ రంగే. పైగా మాది రాత్రిపూట ఇంట్లో జరిగే మిస్టరీ, సగం సినిమా చీకటే.

గురువారం నన్ను వెక్కిరించిన దుప్పటి ఇక్కడ పనికొచ్చింది. దాని మీద ఇంకో మందపాటి రగ్గు కలిపి కిటికీకి కట్టాం. కొంచెం నయం. అప్పుడు వచ్చినవాళ్లలో ఒకామె, నాకు అక్కలాంటిది, "బొమ్మ చిన్నది చేసి చూడరా" అంది. ఎందుకక్కా అంటే, "ఉన్న వెలుగంతా చిన్న చోట పడితే చిక్కగా ఉండదూ" అంది. నిజమే, 100 అంగుళాల నుంచి 70కి తగ్గిస్తే బొమ్మ విస్తీర్ణం సగమవుతుంది, వెలుగు రెట్టింపు అయినట్టే. ప్రాజెక్టర్ని బీరువా మీద నుంచి దించి, 2.3 మీటర్ల దూరంలో స్టూలు మీద పెట్టాం. మొహాలు గుర్తుపట్టేలా వచ్చాయి. కాకపోతే అది జనం మధ్యలోకి వచ్చి కూర్చుంది. దాని పక్కన ఉన్నవాడి చెవిలోకి వేడిగాలి రెండు గంటలపాటు ఊదింది, ఫ్యాను రొద బోనస్. లేచిన ప్రతివాడి నీడా గోడ మీద పడింది.

6:50. అందరూ దాదాపు వచ్చేశారు, ఒక్కడు తప్ప. ఫోన్లో యాప్ తెరిచి, ట్రిప్పు వీడియోలాగే మిర్రరింగ్ (ఫోన్ తెరని వైరు లేకుండా ప్రాజెక్టర్‌లో చూపించడం) పెట్టి, ప్లే నొక్కాను. సంగీతం వస్తోంది. గాలి చప్పుడు, తలుపు చప్పుడు. బొమ్మ లేదు. "సస్పెన్సు బాగా కట్టాడు, ఇంకా ఏమీ చూపించట్లేదు" అని పరుపు మీద నుంచి ఎవరో. ఒక నిమిషం దాకా నేను కూడా సినిమా అలాగే మొదలవుతుందేమో అనుకున్నాను, సిగ్గు విడిచి చెబుతున్నాను. తరవాత డైలాగులు కూడా వచ్చాయి, గోడ మాత్రం నల్లగానే.

ఆపి, మళ్లీ పెట్టి, ఫోన్ రీస్టార్ట్ చేసి, ప్రాజెక్టర్ రీస్టార్ట్ చేసి, 20 నిమిషాలు అలా గడిచాయి. ఎవరి ఫోన్ వాళ్లు తీసి సలహాలు. విషయం ఏంటంటే అద్దె సినిమాలకి కాపీ చేసుకోకుండా తాళం ఉంటుంది, వైరు లేకుండా తెరని అద్దంలా చూపించేటప్పుడు చాలా యాప్‌లు సౌండ్ పంపి బొమ్మని ఆపేస్తాయి. మన సొంత వీడియోకి ఆ తాళం ఉండదు, అందుకే రిహార్సల్‌లో అంతా బాగుంది. ల్యాప్‌టాప్ నుంచి హెచ్‌డీఎంఐ వైరుతో ఇస్తే, రెండు వైపులా హెచ్‌డీసీపీ (ఆ తాళాన్ని గుర్తించే ఏర్పాటు) ఉన్నంతవరకూ బొమ్మ వస్తుంది. మా దగ్గరున్న వైరు ఒకటిన్నర మీటర్లు. ల్యాప్‌టాప్‌ని ఎవరి ఒళ్లో పెట్టాలా అని చూస్తుంటే, ఇంకా రాని ఆ ఒక్కడు గుర్తొచ్చాడు. వాడింట్లో 5 మీటర్ల వైరు ఉంది. ఫోన్ చేస్తే "బయల్దేరిపోయాన్రా" అన్నాడు, మాకందరికీ తెలుసు ఇంకా ఇంట్లోనే ఉన్నాడని. జీవితంలో మొదటిసారి వాడి ఆలస్యం పనికొచ్చింది. 7:25కి వైరు మెళ్లో వేసుకుని దిగాడు, చప్పట్లు కొట్టారు. అప్పటికి బయట చీకటి పడిపోయింది కూడా, ఆ రగ్గుతో పనే లేకుండా పోయింది.

ఇక బొమ్మ వచ్చింది. అయితే మాట పెదాల వెనక పరిగెడుతోంది. బ్లూటూత్ స్పీకర్ మహిమ, సౌండ్ వెళ్లడానికి సెకనులో పదో వంతో అంతకన్నా కాస్త ఎక్కువో పడుతుంది. వినడానికి చిన్నదే కానీ మనిషి నోరు మూసేశాక ఆఖరి అక్షరం వినపడుతుంటే డబ్బింగ్ చెడిపోయినట్టే ఉంటుంది. పాటలు వినేటప్పుడు ఇది తెలియదు, ఎందుకంటే పోల్చుకోవడానికి పెదాలు లేవు. ఫైలు అయ్యుంటే వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో జె, కె మీటలతో సౌండ్‌ని 50 మిల్లీసెకన్ల చొప్పున ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు. బ్రౌజర్లో ఆ సదుపాయం లేదు. పాత ఆక్స్ వైరు (హెడ్‌ఫోన్ రంధ్రంలో పెట్టే సౌండ్ వైరు) వెతికి స్పీకర్‌కి గుచ్చాం, సరిపోయింది. స్పీకర్ ప్రాజెక్టర్ దగ్గర ఉంటే మాటలు మన వీపు వెనక నుంచి వస్తాయి, అది ఇంకో వింత. 5 మీటర్ల వైరు ఉంది కాబట్టి ల్యాప్‌టాప్‌నీ స్పీకర్‌నీ తీసుకెళ్లి గోడ కిందే పెట్టాం. ఆ రాత్రి మొత్తంలో నేను సొంతంగా ఆలోచించి చేసిన మంచి పని అదొక్కటే.

7:50కి సినిమా మొదలైంది, నేను వంటింట్లో ఉన్నాను. పాప్‌కార్న్ వేడివేడిగా ఇద్దామని ఆఖరికి ఉంచుకున్నాను, ఎంత బుద్ధి తక్కువ పనో. అరకప్పు గింజలకి దాదాపు 16 కప్పులు అవుతుంది, నేను మా పెద్ద గిన్నెలో ఒక కప్పు పోశాను. మూత పైకి లేచింది, దాన్ని చేత్తో అదిమి పట్టుకుని నిలబడ్డాను, చెయ్యి తీస్తే స్టవ్ నిండా పూలే. హత్య జరిగిపోయింది లోపల. నేను వచ్చేసరికి శవం చుట్టూ మూగి ఉన్నారు. ఎవరిదో అడిగితే ఎనిమిది మందిలో ఏడుగురు "ష్" అన్నారు. తరవాత తెలిసిన ఇంకో సంగతి, తినేవి ప్యాకెట్లలో ఉంచొద్దు. హీరోయిన్ ఊపిరి బిగబట్టి తలుపు వెనక నిలబడితే మా హాల్లో కరకర, పరపర. ముందే గిన్నెల్లో పోసిపెట్టండి.

ఒకడు ఈ సినిమా ఇదివరకే చూశాడు, చెప్పలేదు. హంతకుడు తెర మీదికి వచ్చినప్పుడల్లా వాడి మొహంలో చిన్న నవ్వు. ప్రాజెక్టర్ వెలుగులో ఆ నవ్వు పక్కవాళ్లకి స్పష్టంగా కనిపించింది, గంటకల్లా ముగ్గురికి హంతకుడెవరో తెలిసిపోయింది.

9 గంటలకి ఇంటర్వెల్ అన్నాను, పది నిమిషాలే అని గట్టిగా చెప్పాను. 35 నిమిషాలు పట్టింది. కారణం కబుర్లు కాదు, బాత్రూమ్. ఎనిమిది మంది, ఒకే బాత్రూమ్, మనిషికి మూడు నిమిషాలు వేసుకోండి. నేను ప్లాన్‌లో పరుపుల సంఖ్య నుంచి గింజల కొలత దాకా రాసుకున్నాను, ఇది మాత్రం రాసుకోలేదు. ఆ క్యూలో నిలబడే ఇద్దరు ఎన్నాళ్లుగానో మాట్లాడుకోనివాళ్లు మాట్లాడుకున్నారు, అది వేరే కథ.

రెండో సగం హాయిగా గడిచింది. ఒక్కటే జరిగింది. డిటెక్టివ్ అందరినీ గదిలో కూర్చోబెట్టి "ఈ పని చేసింది..." అని వేలు ఎత్తాడు, సరిగ్గా అప్పుడు కుడివైపు మూల మా మేనేజర్ పేరుతో మెసేజ్ వచ్చింది, "సోమవారం లోపు ఆ షీటు పంపగలరా". గోడ మీద, జానెడంత అక్షరాల్లో. హంతకుడు దొరికినప్పటి కన్నా దీనికే ఎక్కువ నవ్వారు. ల్యాప్‌టాప్ నుంచి వేసేటట్టయితే ముందే నోటిఫికేషన్లు ఆపండి, నిద్రలోకి జారిపోయే సెట్టింగూ ఆపండి.

10:30కి అయిపోయింది. చెప్పిన మాట ప్రకారం సౌండ్ ఆపేశాం కానీ మనుషులు 12:15 దాకా కదల్లేదు. ఆదివారం పొద్దున చెత్త తీస్తుంటే పక్కింటి పెద్దాయన కనిపించారు. సారీ చెప్పబోతే, డైలాగులన్నీ గోడ గుండా వినపడ్డాయని, ఆఖర్లో అందరూ ఒక్కసారిగా నవ్వేసరికి అసలు పేరు వినపడలేదని, ఇంతకీ చంపిందెవరని అడిగారు. చెప్పాను. "నేను వంటవాణ్ణి అనుకున్నా" అన్నారు.

ఖర్చు చూసుకుంటే దాదాపు సగం ప్రాజెక్టర్ అద్దెకే పోయింది, మూడో వంతు తిండికి, మిగిలింది సినిమా అద్దె, పుట్టీ, క్లిప్పులు. ఎనిమిది మందీ థియేటర్‌కి వెళ్లినా టికెట్లకి ఇంతే అయ్యేది, కాబట్టి డబ్బు మిగులుతుందని మాత్రం ఇది పెట్టుకోకండి. ఇంకోసారి చేస్తే ప్రాజెక్టర్ ఇదే చాలు, దాని మీద రూపాయి ఎక్కువ పెట్టను. రిహార్సల్ మాత్రం జనం వచ్చే గంటకే, కిటికీ ఎలా ఉంటుందో అలా ఉంచి, అదే యాప్‌లో అదే ల్యాప్‌టాప్ నుంచి ఇంకో సినిమా ఏదైనా వేసి చేస్తాను.

ఆదివారం సాయంత్రం ప్రాజెక్టర్ తిరిగిచ్చేశాను. రిమోట్ వెనక బ్యాటరీ మూత లేదని డిపాజిట్ ఆపారు. ఇల్లంతా వెతికాం, సోఫా తిరగేశాం. బుధవారం, 18న, పరుపు కవర్లు ఉతకడానికి విప్పుతుంటే కవరు మడతలో దొరికింది, పక్కనే పేలని మొక్కజొన్న గింజలు నాలుగు. ఆ రోజే తీసుకెళ్లి ఇచ్చాను, డిపాజిట్ మర్నాడు పడింది.